సెకండ్ హ్యాండ్ యూనికార్న్ ప్రాజెక్ట్: 50 వేలు ఎక్కడెక్కడ పోయాయంటే

టార్గెట్ ఒక్కటే. అన్ని ఖర్చులూ కలిపి 50,000 దాటకుండా, రోజూ ఉప్పల్ నుంచి బేగంపేట వెళ్లొచ్చే 150 సీసీ బండి. 50 వేలంటే బండి రేటు కాదు, ఆర్సీ నా పేరు మీదకు వచ్చి, అరిగిపోయినవన్నీ మార్చి, పెట్రోల్ తప్ప ఇంకేమీ అడగని స్థితికి బండి వచ్చేదాకా అయ్యే మొత్తం. కొనేటప్పుడు రెండు వేలు తగ్గించమని గంటసేపు బేరమాడతాం, తర్వాత మెకానిక్ దగ్గర ఎనిమిది వేలు కిక్కురుమనకుండా కట్టేస్తాం. అందుకే ఖర్చు పెట్టిన ప్రతి దశ చివరా అప్పటిదాకా అయిన మొత్తం వేస్తూ పోయాను. రేట్లు నేను కట్టినవి, మీ ఏరియాలో కొంచెం అటూ ఇటూ ఉంటాయి.

దశ 1: ఏ బండి, ఏ ఏడాది

హోండా యూనికార్న్ 150 అనుకున్నా. స్పేర్లు ఏ గల్లీలోనైనా దొరుకుతాయి, చూడ్డానికి సాదాగా ఉంటుంది కాబట్టి కుర్రాళ్లు వీలింగ్ చేసి ఇంజిన్ నాశనం చేసిన బండి తగిలే ఛాన్స్ తక్కువ. ఇది నా అభిప్రాయం, పల్సర్ వాళ్లు కోప్పడొద్దు.

2017 ఏప్రిల్ తర్వాతి బండి కావాలనుకున్నా. అప్పటి నుంచే బీఎస్4 (పొగ కాలుష్యం మీద పెట్టిన ప్రమాణం). 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 వచ్చింది, అందులో ఇంజిన్‌కు పెట్రోల్ అందించే కార్బొరేటర్ పోయి ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ వచ్చింది, యూనికార్న్ ఇంజిన్ కూడా 162.7 సీసీ అయింది. సీసీ పెరిగితే ఏమైందని అనుకోవచ్చు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ 150 సీసీ దాకా ఏడాదికి 714, 150 దాటితే 1,366, రెండింటి మీదా జీఎస్టీ అదనం. బండి ఉన్నన్నాళ్లూ ఏటా కట్టే డబ్బు కాబట్టి ముందే లెక్కలో వేసుకోవాలి. ఇంజెక్షన్ బండిలో సెన్సర్ పోతే గల్లీ మెకానిక్ చేతులెత్తేస్తాడు, కార్బొరేటర్ అయితే స్క్రూడ్రైవర్‌తో సగం పని అయిపోతుంది. నా బడ్జెట్‌కు పాతదే సరి.

రేటు విషయంలో ఒక మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు కొత్త బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. అంటే పన్నుతో కలిపి లక్ష ఉన్న బండి 7,800 దాకా తగ్గినట్టు. కొత్తది తగ్గితే పాతదీ తగ్గాలి కదా, కానీ అమ్మేవాళ్లు ఇంకా పాత ఆన్‌రోడ్ ధరలోంచే తీసివేతలు మొదలుపెడుతున్నారు. బేరం అక్కణ్నుంచి మొదలుపెట్టొచ్చు.

దశ 2: చూడ్డానికి వెళ్లేటప్పుడు జేబులో ఏముండాలి

1. టార్చ్. ఫోన్‌ది సరిపోదు, ట్యాంక్ లోపలికి చూడాలంటే సన్నటిది కావాలి.
2. మల్టీమీటర్, రాణీగంజ్‌లో 380.
3. మందం కొలవడానికి ప్లాస్టిక్ వెర్నియర్ క్యాలిపర్, 250.
4. చిన్న అయస్కాంతం. ట్యాంక్ మీద పుట్టీ పెట్టి పెయింట్ కొట్టిన చోట అంటుకోదు.
5. తెల్ల టిష్యూ, సుద్దముక్క, రెండు రూపాయి బిళ్లలు.

బిళ్లల సంగతి దశ 4లో చెబుతా.

మొత్తం: 630

దశ 3: వద్దనుకున్నవి

కొన్న బండి కంటే వీటి దగ్గరే ఎక్కువ నేర్చుకున్నా కాబట్టి ఇది కొంచెం పొడుగ్గా ఉంటుంది.

*చలాన్ ఫొటో బండి.* రామంతాపూర్‌లో ఒకాయన, "ఆఫీసుకు తప్ప తియ్యలేదన్నా, సింగిల్ హ్యాండ్" అన్నాడు. మీటర్‌లో 26 వేల చిల్లర. ఆర్సీ చేతిలో పెట్టుకుని ఈ-చలాన్ సైట్‌లో బండి నంబరు కొట్టా. పెండింగ్ చలాన్లు బారుగా వచ్చాయి. మన దగ్గర చాలామంది కట్టరు, డిస్కౌంట్ వస్తుందని ఆగుతారు, అలా ఆగడంలో తప్పూ లేదు, 2022 మార్చిలో టూవీలర్లకు 75 శాతం, 2023 డిసెంబరు చివర్లో 80 శాతం తగ్గించారు మరి. నాకు కావలసింది మాత్రం డబ్బు లెక్క కాదు, ఫొటోలు. ఒక్కొక్కటీ తెరిచి చూస్తే ఒకసారి కూకట్‌పల్లి, ఒకసారి అమీర్‌పేట, ఒకసారి ఎల్బీ నగర్, టైమేమో రాత్రి తొమ్మిదీ పదీ, వెనక సీటు మీద ఫుడ్ డెలివరీ పెట్టె. ఆఫీసు బండికి ఆ పెట్టె ఎందుకు? అడిగితే "మా తమ్ముడు కొన్నాళ్లు తిప్పిండు" అన్నాడు. రోజంతా సిటీ ట్రాఫిక్‌లో క్లచ్ మీద తిరిగిన బండికీ 26 వేలకీ పొసగదు. చలాన్ సైట్‌లో అప్పు ఒక్కటే కాదు, బండి ఎక్కడ ఎలా తిరిగిందో కూడా దొరుకుతుంది, కాబట్టి మొత్తం చూసి మూసేయకుండా ఫొటోలు తెరవండి.

*మీటర్ కేబుల్.* ఈ మోడల్‌కు ముందు చక్రం నుంచి కేబుల్ ద్వారా మీటర్ తిరుగుతుంది. కేబుల్ ఊడదీస్తే కిలోమీటర్లు ఆగిపోతాయి, అంతే, దానికి పెద్ద టెక్నిక్ అక్కర్లేదు. అందుకే చక్రం దగ్గర కేబుల్ బిగించే చోట టార్చ్ వేసి చూడండి, చుట్టూ మట్టి పేరుకుని అదొక్కటే కొత్తగా మెరుస్తుంటే అనుమానించాల్సిందే. తర్వాత కాలు, చెయ్యి తగిలే చోట్లు: గేర్ లివర్ రబ్బరు, ఫుట్‌రెస్ట్ రబ్బరు, వెనక బ్రేక్ పెడల్, తాళంచెవి రంధ్రం. మీటర్ 20 వేలు చూపించి పెడల్ మీద గీతలు నున్నగా అరిగిపోతే మీటర్‌ని కాదు, పెడల్‌ని నమ్మండి. ఓనర్ పక్కనుంటే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో నంబరు చెప్పి చివరి సర్వీసు నాటి కిలోమీటర్లు అడగొచ్చు.

*నీళ్లలో మునిగిన బండి.* తళతళలాడుతోంది, రేటు కూడా మార్కెట్ కంటే ఐదారు వేలు తక్కువ. అక్కడే డౌట్ వచ్చింది. 2020 అక్టోబరు 13 రాత్రి వానకు సిటీలో ఎన్ని సెల్లార్లు నిండాయో గుర్తుంది కదా, ఆ బండ్లన్నీ తుక్కులోకి పోలేదు, చాలావరకు కడిగి రంగేసి మళ్లీ రోడ్డెక్కాయి. సైడ్ ప్యానెల్ తీయనివ్వమన్నా. వైరింగ్ కప్లర్ ఒకటి విప్పితే లోపల పిన్నుల మీద పచ్చటి తుప్పు, మూలల్లో ఎండిన సన్నటి బురద, గోటితో గీస్తే పొడిగా రాలింది. హెడ్‌లైట్ అద్దం లోపల అడుగున సన్నటి మట్టి చార. ఇంజిన్ ఆయిల్ మార్చేసి ఉంటారు కాబట్టి అక్కడేం దొరకదు, వైరింగ్ మాత్రం ఎవరూ కడగరు. ఇలాంటి బండి ఈ రోజు స్టార్ట్ అవుతుంది, రేపు హారన్ పోతుంది, ఎల్లుండి సెల్ఫ్ పోతుంది, ఎలక్ట్రీషియన్ దగ్గరే మకాం.

*వేడిగా ఉన్న ఇంజిన్.* ముందురోజే ఫోన్‌లో చెప్పా, "అన్నా, నేనొచ్చేదాకా స్టార్ట్ చెయ్యకండి" అని. వెళ్లి ఇంజిన్ మీద చెయ్యి పెడితే కాలింది. పొద్దున పూట చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేస్తేనే అసలు రంగు బయటపడుతుంది: స్టార్ట్ చెయ్యగానే నీలం పొగ వచ్చి ఆగితే వాల్వ్ సీళ్లు పోయినట్టు, యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడల్లా నీలం పొగ వస్తే ఇంజిన్ లోపల రింగులు, బోరు అరిగినట్టు. చలికాలం పొద్దున కాసేపు తెల్ల ఆవిరి వస్తే కంగారు లేదు. అక్కడ ఇంకేమీ చూడకుండా తిరిగొచ్చేశా.

*లోన్ తీరింది, కాగితం లేదు.* బండి బాగుంది, రేటూ బాగుంది. ఆర్సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు అలాగే ఉంది. లోన్ కట్టేస్తే సరిపోదు, ఫైనాన్స్ వాళ్ల ఎన్‌ఓసీ, ఫారం 35 పెట్టి ఆర్టీఏలో ఆ ఎంట్రీ తీయించాలి. "మీరే తీయించుకోండి, వెయ్యి తగ్గిస్తా" అన్నాడు. వాళ్ల బ్రాంచి చుట్టూ నేను తిరగాలి, వాళ్లు ఇస్తారో లేదో నాకు తెలియాలి, అదంతా వెయ్యి రూపాయలకు. వద్దన్నా.

దశ 4: కొన్నది

2017 చివర్లో తయారైన యూనికార్న్, మీటర్ 41,300, రెండో ఓనర్. ఆటో కన్సల్టెన్సీలో కాదు, హబ్సిగూడలో ఓనర్ దగ్గరే నేరుగా. కన్సల్టెన్సీల్లో ఓనర్ ఎవరో కనపడడు, సంతకం పెట్టిన ఖాళీ ఫారాలు చేతిలో పెడతారు, తర్వాత ఏదైనా తేడా వస్తే ఆ మనిషి ఎక్కడ దొరుకుతాడు?

అడిగింది 45,000. కొలిచినవి ఇవి:

1. బ్యాటరీ: ఊరికే ఉన్నప్పుడు 12.3 ఓల్టులు, సెల్ఫ్ కొట్టినప్పుడు 8.9కి పడింది. 10కి దగ్గర్లోనన్నా నిలబడాలి. ఇంజిన్ నడుస్తుండగా 14.1, అంటే ఛార్జింగ్ బాగుంది, బ్యాటరీ ఒక్కటే ముసలిది. ఇలా విడదీసి చూడటం ముఖ్యం, ఛార్జింగ్ పోతే ఖర్చు వేరే లెవెల్.
2. ముందు డిస్క్: కనీస మందం డిస్క్ మీదే చెక్కి ఉంటుంది, దీని మీద 3.5 మి.మీ. డిస్క్ అంచు అరగదు, గట్టులా మిగులుతుంది, క్యాలిపర్ దాని మీద కూర్చుంటే రీడింగ్ ఎక్కువ వచ్చి మోసపోతాం. అందుకే డిస్క్‌కు రెండు వైపులా చెరో రూపాయి బిళ్ల ఆనించి కొలిచా: 6.7. రెండు బిళ్లలూ కలిపి 2.9. తీసేస్తే 3.8. ఇంకా జీవం ఉంది.
3. చైన్: వెనక పళ్లచక్రం మీద చైన్‌ని వెనక్కి లాగితే పన్ను సగం పైగా బయటికి కనబడింది. పళ్లు కూడా ఒకవైపు వంగి ఉన్నాయి. సెట్ మొత్తం మార్చాలి.
4. కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు): సెంటర్ స్టాండ్ వేసి, వెనక ఒకరు నొక్కితే ముందు చక్రం లేస్తుంది. హ్యాండిల్‌ని ఒక్క వేలితో మెల్లగా తిప్పితే సరిగ్గా మధ్యలో టక్కున కూర్చుంది. పోయినట్టే.
5. ఫోర్క్ (ముందు షాక్ అబ్జార్బర్): రాడ్ల మీద టిష్యూ తిప్పితే కుడివైపు ఆయిల్ మరక.
6. టైర్లు: పక్కన నాలుగంకెల కోడ్‌లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. ముందుది 3121, అంటే 2021లో 31వ వారం. వెనకది గుండు.
7. ఛాసిస్ నంబర్ మీద సుద్ద రుద్ది ఫొటో తీసి ఆర్సీతో అంకె అంకె సరిచూశా. ఇంజిన్ నంబరు కూడా.

ఇంజిన్ మాత్రం చల్లగా ఉన్నప్పుడు ఒక్క కిక్‌కే అందుకుంది, పొగ లేదు, ట్యాపెట్ చప్పుడు మామూలే. నేను డబ్బు పెట్టింది దానికే. మిగతావన్నీ ఎలాగూ మార్చే సామాన్లు.

బేరం ఎలా అయిందంటే, "లాస్ట్ ఎంత?" అని అడగలేదు. చైన్ సెట్, బ్యాటరీ, కోన్ సెట్, ఫోర్క్ సీళ్లు, వెనక టైరు, ఒక్కోదాని పక్కన పుత్లీబౌలి స్పేర్ల షాపుల్లో కనుక్కున్న రేటు రాసి కాగితం ఆయన చేతిలో పెట్టా. ఆయన చాలాసేపు దాన్నే చూసి, "అన్నీ నామీదే వేస్తే ఎట్ల తమ్మీ, నేను కూడా అరిగిన టైర్‌తోనే కొన్న కదా" అన్నాడు. న్యాయమే. చివరికి 37,500, చలాన్లన్నీ ఆయనే నా ముందే కట్టేట్టు.

మొత్తం: 38,130

దశ 5: కాగితాలు

1. పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద ఓనర్ సంతకాలు, నా ముందే, ఖాళీలన్నీ నింపాక.
2. డబ్బు యూపీఐలో. డెలివరీ తీసుకున్న తేదీ, టైమ్ రాసి ఇద్దరం సంతకం పెట్టిన కాగితం. ఆ నిమిషం తర్వాత పడే చలాన్ నాది, అంతకుముందుది ఆయనది.
3. ఆన్‌లైన్‌లో ఆర్టీఏ స్లాట్ బుక్ చేసి వెళ్లడం. ఒకే రాష్ట్రంలో అయితే బదిలీ సంగతి అమ్మినాయన 14 రోజుల్లో తెలపాలి. ఆలస్యం చెయ్యొద్దు, ఆర్సీలో పేరున్నంతవరకు ఆయన మెడకు చుట్టుకుంటుంది.
4. ఇన్సూరెన్స్. ఆయనది ఎక్స్‌పైర్ అయి ఉంది కాబట్టి కొత్తగా థర్డ్ పార్టీ: 714, 18 శాతం పన్నుతో 843. పీఏ కవర్ (నడిపేవాడికి యాక్సిడెంట్ బీమా) నాకు వేరే పాలసీలో ఉంది. పాత పాలసీ బతికి ఉంటే దాన్ని 14 రోజుల్లో మీ పేరుకు మార్పించుకోవాలి. "నో క్లెయిమ్ బోనస్ కూడా వస్తది" అని ఎవరైనా రేటు పెంచితే నమ్మకండి, అది అమ్మినవాడితోనే పోతుంది, బండితో రాదు.

ఆర్టీఏ ఫీజులు, పొల్యూషన్ కలిపి 1,060. గేటు బయట "అన్నా, ఐదు నిమిషాల్ల చేపిస్తా" అనేవాళ్లు ఉంటారు. కాగితాలు సరిగ్గా ఉంటే అక్కర్లేదు.

మొత్తం: 40,033

దశ 6: మార్చినవి

ఆయిల్ ముందు. 10డబ్ల్యూ30 పోశాం, హోండా చెప్పేది అదే, "పాత బండి కదా, చిక్కటిది పోద్దాం" అంటే ఒప్పుకోలేదు. ఎయిర్ ఫిల్టర్ కాగితం నూనె పట్టిన రకం, గాలి కొట్టి మళ్లీ పెట్టడానికి పనికిరాదు, కొత్తదే. లేబర్‌తో 920.

చైన్ సెట్ లేబర్‌తో 1,900. బిగించాక చైన్ మధ్యలో పైకీ కిందికీ కదలిక 25 మి.మీ. ఉంచాం. కోన్ సెట్, ఫోర్క్ సీళ్లు, ఫోర్క్ ఆయిల్ ఒకేసారి చేయించా, 1,400. విడివిడిగా చేయిస్తే ముందు భాగం రెండుసార్లు విప్పాలి, లేబర్ రెండుసార్లు. బ్రేక్ ప్యాడ్లు, వెనక షూలు 570. బ్యాటరీ పాతదిచ్చి 1,350.

మొత్తం: 46,173

దశ 7: స్పీడ్ 50 దాటితే చచ్చిపోతోంది

అన్నీ మార్చాక అసలు తలనొప్పి మొదలైంది. బండి పది నిమిషాలు బ్రహ్మాండంగా పోతుంది. హబ్సిగూడ దాటి తార్నాక వైపు కొంచెం స్పీడ్ అందుకోగానే దగ్గుతుంది, ఈడుస్తుంది, ఆగిపోతుంది. పక్కకి తీసి కాసేపు నిలబెడితే మళ్లీ ఏం జరగనట్టు స్టార్ట్. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే అక్కడ ఎంతసేపు రేజ్ చేసినా బుద్ధిగా ఉంటుంది.

మార్చినవి వరసగా, ఫలితంతో:

1. స్పార్క్ ప్లగ్, 120. పాత దాని రంగు తెల్లబారి ఉంది, అంటే పెట్రోల్ తక్కువ అందుతోంది. ప్లగ్ మార్చినా తేడా లేదు, క్లూ మాత్రం దొరికింది.
2. కార్బొరేటర్ విప్పి క్లీనింగ్, 400. అడుగున కొంచెం మడ్డి. తేడా లేదు.
3. పెట్రోల్ పైపు, 60. పగుళ్లు ఉన్నాయి, ఇప్పుడొచ్చే ఇథనాల్ పెట్రోల్‌కు పాత రబ్బరు ఎలాగూ ఆగదు. మార్చడం మంచిదే అయింది, కానీ జబ్బు అది కాదు.

మెకానిక్ భాయ్ "సీడీఐ యూనిట్ చూద్దాం తమ్మీ" అన్నాడు. అది ప్లగ్‌కు కరెంటు పంపే పెట్టె, పెద్ద ఖర్చు, పైగా ప్లగ్ రంగు కరెంటు సమస్య అని చెప్పట్లేదు, నేను ఆపా.

మళ్లీ ఆగిపోయినప్పుడు పెట్రోల్ ఉందో లేదో చూద్దామని రోడ్డు పక్కన ట్యాంక్ మూత తిప్పా. సుయ్‌మని గాలి లోపలికి పీల్చుకుంది. వెంటనే కిక్ కొడితే స్టార్ట్.

ఇంటికొచ్చాక కొలిచా. ఇంజిన్ చల్లారాక, ఆరుబయట, దగ్గర్లో నిప్పు లేకుండా. కాక్ (ట్యాంక్ కింద పెట్రోల్ తెరిచే మీట) నుంచి పైపు తీసి గీతలున్న నీళ్ల సీసాలో పెట్టి కాక్ తిప్పా. మూత తెరిచి ఉంటే ధార ఒకే తీరుగా పడుతుంది, ఒక నిమిషానికి 350 మి.లీ. మూత బిగిస్తే మొదట బాగానే వచ్చి, సన్నబడి, నిమిషం గడిచేసరికి 140 దగ్గర చుక్కలు చుక్కలు.

పెట్రోల్ కిందికి దిగాలంటే పైనుంచి గాలి లోపలికి వెళ్లాలి, దానికి మూతలో సన్నటి దారి ఉంటుంది. అది మూసుకుపోతే ట్యాంక్‌లో వాక్యూమ్ పడుతుంది. మెల్లగా వెళ్తే అందే కొంచెం సరిపోతుంది, స్పీడ్ పెరిగితే సరిపోదు. మెకానిక్ దగ్గర నిలబెట్టి రేజ్ చేస్తే లోడ్ ఉండదు కాబట్టి అక్కడ ఎప్పటికీ కనపడదు. మూత విప్పి చూస్తే ఆ దారిలో తెల్లటి గట్టి ముద్ద. పాలిష్! అమ్మే ముందు బండి మెరవాలని ఓనర్ కొట్టించిన పాలిష్ పేస్ట్, దుమ్ముతో కలిసి గట్టిపడింది. సన్నటి రాగి తీగతో పొడిచి, పంచర్ షాపులో గాలి కొట్టించా. మళ్లీ కొలిస్తే మూత బిగించినా 340.

ఖర్చు సున్నా. దీనికి ముందు పెట్టింది 580.

ఇలాంటి లక్షణం కనిపిస్తే వరస ఇలా పెట్టుకోండి: ఆగిన వెంటనే మూత తీసి చూడటం, తర్వాత కాక్ ధార కొలవటం, ఆ తర్వాతే కార్బొరేటర్, అన్నిటికంటే చివర కరెంటు సామాను.

మొత్తం: 46,753

దశ 8: టైరు, మైలేజ్

వెనక టైరు 2,300. షాపులో కూడా తేదీ కోడ్ చూసే తీసుకోండి, మూలన పడున్న పాత స్టాక్ ముందు అంటగడతారు. చక్రం విప్పినప్పుడే కుష్ రబ్బర్లు (చక్రం లోపల కుదుపు తగ్గించేవి) చూశాం, బాగానే ఉన్నాయి.

మైలేజ్ ఫుల్ ట్యాంక్ పద్ధతిలో: నోటిదాకా నింపి, తిరిగి, మళ్లీ అదే బంకులో అంతే నింపి భాగించడం. ముందు 38 వచ్చింది. టైర్ల గాలి సరిచేసి, వెనక బ్రేక్ షూ పట్టేస్తుంటే వదులు చేశాక 46. సెంటర్ స్టాండ్ మీద వెనక చక్రం చేత్తో తిప్పితే అరచుట్టు కూడా తిరగకుండా ఆగేది, ఇప్పుడు రెండు చుట్లు పోతోంది. లీటరు 107 దాటిన ఊళ్లో 38కీ 46కీ తేడా చిన్నది కాదు, అదీ పైసా ఖర్చు లేకుండా ఒక్క నట్ తిప్పితే వచ్చింది.

మొత్తం: 49,053

పెండింగ్

హ్యాండిల్ లాక్ ఒక్కోసారి పట్టట్లేదు. మీటర్ లైట్ సగం వెలుగుతోంది. ముందు టైరు ఇంకో ఆరు నెలలు ఆగుతుందేమో, వానాకాలానికి ముందు మార్చాలి, మిగిలిన 947కి అది రాదు. అది మార్చిన రోజు లెక్క 50 దాటుతుంది, రేటుతో సహా ఇక్కడే కింద రాస్తా.